అప్‌డేట్: చెన్నైలో నాలుగు లైట్‌హౌస్‌లు, ఒకే రోజు

చెన్నై లైట్‌హౌస్‌ల చరిత్రను వరుసగా ఒక్కరోజులో చూడొచ్చా అని అడిగాను కదా, కుదురుతుంది. సోమవారం, శుక్రవారం మాత్రం వద్దు: సోమవారం మెరీనా లైట్‌హౌస్‌కి, శుక్రవారం సెయింట్ జార్జ్ కోటలోని ఫోర్ట్ మ్యూజియానికి సెలవు.

పొద్దున్నే మ్యూజియంతో మొదలుపెట్టండి. మొదటి లైట్‌హౌస్ అదే: 1796లో ఆ భవనం పైనే కొబ్బరినూనె దీపం వెలిగేది. తర్వాత హైకోర్టు. రెండో లైట్‌హౌస్ అయిన 1844 నాటి స్తంభం ఆవరణలోనే ఉంది, కానీ భద్రత వల్ల లోపలికి పంపకపోవచ్చు. 1894లో దీపాన్ని కోర్టు గోపురం మీదికి మార్చారు. ఆ గోపురం రోడ్డు మీంచే చక్కగా కనబడుతుంది, చాలామంది తలెత్తి చూడరు!

1977 నాటి మెరీనా టవర్‌ని సాయంత్రానికి ఉంచుకోండి. మధ్యాహ్నం కొంతసేపు మూసేస్తారు. తొమ్మిదో అంతస్తు దాకా లిఫ్టుంది, ఆపైన మెట్లే.