ఊరి చెత్తకు మూడు కమిటీలు ఉంటే వాటిని ఒక్కటి చేయవచ్చునా?

ప్రశ్న: వార్డు సభ్యురాలు, తెలంగాణ

సభ్యులందరికీ నమస్కారం. మాది సుమారు 2,500 జనాభా ఉన్న గ్రామ పంచాయతీ. కొత్త పాలకవర్గం వచ్చాక పారిశుద్ధ్యం పనులు చూసే బాధ్యత నాకు అప్పగించారు. పంచాయతీ బీరువాలోని రిజిస్టర్లు తీసి చూస్తే, చెత్త, మురుగు విషయాల్లో మా ఊరికి ఒకటి కాదు, మూడు కమిటీలు ఉన్నాయని తెలిసింది. పంచాయతీరాజ్ చట్టం కింద ఏర్పడిన పారిశుద్ధ్య స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ) ఒకటి, గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ మరొకటి, ఆశా కార్యకర్త నడిపించే గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ ఇంకొకటి. మరుగుదొడ్ల నిర్మాణ కాలంలో వేసిన నిఘా కమిటీ పేరు కూడా ఒక పాత రిజిస్టరులో కనిపించింది కానీ, అది సమావేశమైన దాఖలా ఇటీవల లేదు.

దీనివల్ల కలిగే నష్టం చెబుతాను. ఈ మధ్య ఒకే ఉదయం మా కార్మికులకు మూడు వైపుల నుండి మూడు పనులు వచ్చాయి. జ్వరాలు పెరుగుతున్నాయి కాబట్టి బడి వెనుక కాల్వలో పూడిక తీయాలని ఆరోగ్య కమిటీ వారు చెప్పారు. మంచినీళ్ల ట్యాంకు దిమ్మె చుట్టూ నిలిచిన మురుగు ముందు చూడాలని నీటి కమిటీ వారు అన్నారు. ట్రాక్టరుతో ఇంటింటి చెత్త సేకరణకు వెళ్లాలని మా పారిశుద్ధ్య సంఘం నుండి చెప్పాము. తీసిన పూడికను ఎత్తుకుపోవడానికి ట్రాక్టరు దొరకక అది కాల్వ గట్టు మీదనే ఉండిపోయింది, రాత్రి కురిసిన వానకు మళ్లీ కాల్వలోకి జారింది. కార్మికుల శ్రమ అంతా వృథా అయింది.

ఈ కమిటీలన్నిటినీ రద్దు చేసి, వాటి స్థానంలో ఒకే కమిటీని వేస్తూ గ్రామసభలో తీర్మానం చేయవచ్చునా? చేస్తే నిధులకు ఏమైనా ఆటంకం వస్తుందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: పంచాయతీ కార్యదర్శి

మేడమ్ గారూ, తీర్మానంలో ‘రద్దు’ అన్న మాట రానివ్వకండి. చట్టం ప్రకారం ఉండవలసిన సంఘాన్ని గ్రామ పంచాయతీ రద్దు చేస్తే ఆ తీర్మానం చెల్లదు, తరువాత ఆడిట్‌లో దానికి జవాబు చెప్పవలసింది మీరూ, మీ కార్యదర్శీ. కమిటీలను ఉంచుతూనే పనిని ఒక చోటికి తెచ్చే దారి ఉన్నది. పెద్దలు ఎవరైనా వివరిస్తే బాగుంటుంది.

సమాధానం: విశ్రాంత మండల పంచాయతీ అధికారి

అమ్మా, మీరు అడిగినదానిలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. కార్మికులకు పని చెప్పేవారు ఒక్కరే ఉండాలన్నది మొదటిది. కాగితం మీద కమిటీ ఒక్కటే ఉండాలన్నది రెండవది. మొదటిది పూర్తిగా మీ పంచాయతీ చేతిలో ఉన్నది, దాన్ని ఆలస్యం లేకుండా సాధించాలి. రెండవది మీ చేతిలో కొంతవరకే ఉన్నది, అది పూర్తిగా జరగకపోయినా మొదటిదానికి అడ్డు లేదు.

ఈ మూడు కమిటీల పుట్టుక వేరువేరు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రతి గ్రామ పంచాయతీలో నాలుగు స్థాయీ సంఘాలు ఉండాలన్నది. 2019 సెప్టెంబరులో మొదలైన 30 రోజుల కార్యాచరణ ప్రణాళికలో, ఒక్కొక్క సంఘానికి 15 మంది చొప్పున ఊరూరా వీటిని వేశారు. నీటి కమిటీ 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల నుండి వచ్చింది. ఆరోగ్య కమిటీ జాతీయ ఆరోగ్య మిషన్‌ది. చట్టం వేసిన దానిని తీసివేసే అధికారం పంచాయతీకి లేదు. మార్గదర్శకాలు వేసిన వాటిని కూడా తీసివేయకూడదు కానీ, మీకు ఉపయోగపడే వెసులుబాటు ఒకటి వాటిలోనే ఉన్నది. ఈ రెండు కమిటీలూ గ్రామ పంచాయతీకి ఉపసంఘాలుగా పనిచేయాలన్నదే ఆ మార్గదర్శకాల ఉద్దేశం. అంటే మూడింటికీ తల్లి మీ పంచాయతీయే. రాజ్యాంగం పదకొండవ షెడ్యూలులో 11వ అంశం తాగునీరు, 23వ అంశం ఆరోగ్యం, పారిశుద్ధ్యం; రెండూ పంచాయతీల పరిధిలోనివే. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా ప్లాస్టిక్ చెత్తను వేరు చేయించడం, సేకరించడం, తరలించడం వంటి బాధ్యతలను ఏ కమిటీ మీదా కాక నేరుగా గ్రామ పంచాయతీ మీదనే పెట్టాయి.

కాబట్టి చెత్త పని మొత్తానికి పారిశుద్ధ్య స్థాయీ సంఘాన్ని ముఖ్య సంఘంగా పెట్టుకోండి. మిగిలిన రెండు కమిటీల్లో వీలైనంతమంది ఉమ్మడి సభ్యులు ఉండేలా చూడండి. నీటి కమిటీలో 10 నుండి 15 మంది ఉండవచ్చు, అందులో ఎన్నికైన సభ్యులు 25 శాతం వరకు, మహిళలు సగం, బలహీన వర్గాలవారు 25 శాతం. ఆరోగ్య కమిటీలో కనీసం 15 మంది, వారిలో సగం మహిళలు. పదిహేను మంది జాబితా ఒకటి రాసుకుని, అందులో ఎన్నికైనవారు ముగ్గురికి మించకుండా, మహిళలు ఎనిమిది మందికి తగ్గకుండా, బలహీన వర్గాలవారు కనీసం నలుగురు ఉండేలా కూర్చుకుంటే ఆ రెండింటి లెక్కా సరిపోతుంది. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, మహిళా సంఘాల ప్రతినిధులు ఆ జాబితాలో తప్పక ఉండాలి. ఒక్క జాగ్రత్త: ఆరోగ్య కమిటీని రెవెన్యూ గ్రామం లెక్కన వేస్తారు. మీ పంచాయతీలో రెండు రెవెన్యూ గ్రామాలు ఉంటే ఆ కమిటీలు కూడా రెండు ఉండవచ్చు, అప్పుడు ఇద్దరు ఆశాలను పిలవవలసి ఉంటుంది.

ఇక డబ్బు. కమిటీలను ఎంత దగ్గరకు తెచ్చినా ఖాతాలను మాత్రం కలపకండి. ఆరోగ్య కమిటీకి వచ్చే ఏడాదికి 10,000 రూపాయల నిధికి వేరే జాయింట్ ఖాతా, వేరే వినియోగ పత్రం (ఖర్చు చూపే ధ్రువపత్రం) ఉంటాయి. 2021–26 కాలానికి కేంద్రం ఇచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతానికి షరతులు పెట్టారు. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండవ దశలో 5,000 వరకు జనాభా ఉన్న ఊరికి ఘన వ్యర్థాల పనులకు తలకు 60 రూపాయల వరకు, మురుగునీటి పనులకు తలకు 280 రూపాయల వరకు పరిమితి పెట్టారు, అందులో 30 శాతం పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధుల నుండి పెట్టుకోవాలన్నారు. మీ 2,500 జనాభాకు ఘన వ్యర్థాల పరిమితి 1,50,000 రూపాయలు అవుతుంది, అందులో పంచాయతీ వాటా 45,000. మురుగు పనులకు 7,00,000. ఈ లెక్కలు సంఘం సభ్యులందరి ముందు ఒక్కసారి చదివి వినిపించండి. ఎవరి దగ్గర ఎంత డబ్బు ఉన్నదో తెలియకపోవడం వల్లనే, ప్రతి కమిటీ పక్క కమిటీ వైపు చూస్తూ కూర్చుంటుంది. పదిమందిలో పాము చావదని ఊరకే అనలేదు.

సమాధానం: ఆరోగ్య శాఖ సూపర్‌వైజర్

పెద్దలు చెప్పిన దానిలో చాలా భాగంతో ఏకీభవిస్తూనే, ఒక విషయంలో నా అభ్యంతరం తెలియజేస్తున్నాను. ఆరోగ్య కమిటీ చెత్త కోసం పుట్టిన కమిటీ కాదు. గర్భిణుల నమోదు, పిల్లల బరువులు, టీకాలు, రక్తహీనత, ఇవన్నీ ఆ సమావేశంలో మాట్లాడవలసినవి. పారిశుద్ధ్య సంఘంతో పూర్తిగా కలిపివేస్తే, ట్రాక్టరు డీజిల్ గురించీ, డంపింగ్ యార్డు దారి గురించీ మాట్లాడుకోవడంతోనే పొద్దు గడిచిపోతుంది. బరువు తగ్గిన పిల్లవాడి సంగతి చివరకు ఎవరికీ గుర్తు ఉండదు. పైగా ఆశా కార్యకర్త ఆ కమిటీకి సభ్య కార్యదర్శి. పెద్ద సంఘంలో ఆమె వెనుక వరుసలో కూర్చునే సభ్యురాలిగా మిగిలిపోతే నష్టపోయేది ఊరే. 10,000 రూపాయల నిధి కూడా ఒక ఇంటికి కాక నలుగురికి ఉపయోగపడే పనులకు ఉద్దేశించినది. దాన్ని ట్రాక్టరు మరమ్మతుకు వాడుకుందామన్న ఆలోచన రాకుండా చూడాలి.

నీటి కమిటీకి కూడా ఇదే వర్తిస్తుంది. కిట్లతో నీటి నాణ్యత పరీక్షించడానికి ప్రతి ఊరిలో అయిదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలని జల్ జీవన్ మిషన్‌లో ఉన్నది. కమిటీలు కలిసిపోయినంత మాత్రాన ఆ పరీక్షలు ఆగకూడదు.

సమాధానం: విశ్రాంత మండల పంచాయతీ అధికారి

మీరు చెప్పింది న్యాయం. అయితే నా సూచనను ఇలా సవరిస్తాను. చెత్త, మురుగు విషయాలకు మాత్రమే మూడు కమిటీలూ నెలకు ఒకసారి ఒకే చోట కూర్చోవాలి. ఆరోగ్య విషయాలతో సమావేశం మొదలుపెట్టి, ఆశా కార్యకర్త చెప్పవలసినదంతా చెప్పిన తరువాతనే చెత్త విషయానికి రావాలి. మూడు మినిట్స్ పుస్తకాలూ వేరుగానే ఉండాలి, ఏ తీర్మానం ఏ కమిటీదో ఆ పుస్తకంలోనే రాయాలి. కార్మికులకు పని చెప్పే అధికారం మాత్రం ఒక్క చోటనే ఉండాలి, దానికి మినహాయింపు పెట్టకండి. 2019 నాటి 51వ నంబరు జీవో ప్రకారం 500 మంది జనాభాకు ఒక మల్టీపర్పస్ (పంచాయతీ పనులన్నీ చేసే) కార్మికుని లెక్క. మీ ఊరికి అయిదుగురు. ఆ అయిదుగురికి ముగ్గురు యజమానులు ఉంటే ఏ పనీ పూర్తి కాదు, నింద మాత్రం వారి మీదకే వస్తుంది.

ప్రశ్న: వార్డు సభ్యురాలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆశా అక్కతో మాట్లాడాను. ఖాతా జోలికి ఎవరూ రారని రాతపూర్వకంగా ఉంటే ఆమెకు అభ్యంతరం లేదన్నారు. తీర్మానం నమూనా ఇవ్వగలరా?

సమాధానం: విశ్రాంత మండల పంచాయతీ అధికారి

మీ ఊరి పరిస్థితికి తగినట్లు మార్చుకోండి:

“గ్రామ పంచాయతీ పరిధిలో ఇంటింటి చెత్త సేకరణ, తడి పొడి చెత్త వేరుచేయుట, డంపింగ్ యార్డు మరియు కంపోస్టు షెడ్డు నిర్వహణ, మురుగు కాల్వల పూడికతీత పనుల పర్యవేక్షణ ఇకపై పారిశుద్ధ్య స్థాయీ సంఘము ద్వారానే జరుగవలెననియు, గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ మరియు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ ఈ పనులపై తమ పరిశీలనలను సదరు సంఘమునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెననియు, మూడు కమిటీలు ప్రతి నెల...... తేదీన ఉమ్మడిగా సమావేశము కావలెననియు, కార్మికులకు రోజువారీ పనులను పంచాయతీ కార్యదర్శి పని పుస్తకములో నమోదు చేసి అప్పగించవలెననియు, ఆయా కమిటీల బ్యాంకు ఖాతాలు, చెక్కు అధికారములు యథాతథముగా కొనసాగవలెననియు తీర్మానించడమైనది.”

జ్వరాలు ప్రబలినప్పుడు ఏఎన్‌ఎం చెప్పిన కాల్వను అదే రోజు ముందుగా శుభ్రం చేయాలన్న వాక్యం ఒకటి అదనంగా చేర్చుకుంటే ఆరోగ్య సిబ్బందికి ధైర్యంగా ఉంటుంది. పూడిక తీసే రోజున ట్రాక్టరు ఎన్ని గంటలకు అక్కడికి రావాలో కూడా పని పుస్తకంలోనే రాయించండి.

సమాధానం: పంచాయతీ కార్యదర్శి, ఆంధ్రప్రదేశ్

మా దగ్గర చట్టం వేరు కానీ చిక్కు ఇదే. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 40వ సెక్షన్ ప్రజారోగ్యం, నీటి సరఫరా, పారిశుద్ధ్యం వంటి విషయాలకు ఫంక్షనల్ కమిటీలు ఉండాలంటుంది. కేంద్ర పథకాల కమిటీలు వాటికి తోడు వచ్చాయి. ఇంటింటికీ తిరిగే గ్రీన్ అంబాసిడర్లకు కార్యదర్శి ఒక్కరే పని చెప్పే ఊళ్లలో చెత్త వేరుచేయడం నిలబడుతుంది, చెత్త సంపద కేంద్రంలో వర్మీ కంపోస్టు తయారవుతుంది. నలుగురు చెప్పే ఊళ్లలో షెడ్డుకు తాళం వేసి ఉంటుంది. కమిటీలో ఎవరున్నారన్న దానికన్నా, పొద్దున్నే పని చెప్పేది ఎవరన్నది ముందు తేల్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: మున్సిపల్ కౌన్సిలర్, తెలంగాణ

ఇదే పద్ధతి మా వార్డుకు పనికివస్తుందా?

సమాధానం: విశ్రాంత మండల పంచాయతీ అధికారి

నేరుగా పనికిరాదు. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అంటూ ఒక్కొక్కటి 15 మందితో నాలుగు కమిటీలు ఉంటాయి. అవి విషయాన్ని బట్టి కాక మనుషులను బట్టి విడదీసినవి. వాటిలో ఏదైనా ఒకదానిని చెత్త వేరుచేయించడానికి, మరొకదానిని మొక్కలకు అని మీరే పంచుకోవచ్చు. కార్మికులకు పని చెప్పేది మాత్రం శానిటరీ ఇన్‌స్పెక్టరే కావాలి.

ప్రశ్న: వార్డు సభ్యురాలు

చివరి సందేహం. పాత నిఘా కమిటీలోని పెద్దలు, కొత్త జాబితాలో పేరు రానివారు చిన్నబుచ్చుకుంటున్నారు. వారిని ఏమి చేయాలి?

సమాధానం: విశ్రాంత మండల పంచాయతీ అధికారి

ఒక్కొక్కరికి ఒక వీధి అప్పగించండి. ఏ ఇంటివారు తడి పొడి కలిపి వేస్తున్నారో, ఎవరు చెత్తకు నిప్పు పెడుతున్నారో వారికే బాగా తెలుస్తుంది, వారి మాటకు వీధిలో విలువ కూడా ఉంటుంది. వారి పేర్లు గ్రామసభలో చదివి వినిపించండి, రెండు నెలలకొకసారి జరిగే గ్రామసభలో వారితోనే వీధి పరిస్థితి చెప్పించండి. తీర్మానం ప్రతులను మండల పంచాయతీ అధికారికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి, గ్రామీణ నీటి సరఫరా అసిస్టెంట్ ఇంజినీరుకు (ఏఈ) పంపి, ముట్టినట్లు సంతకాలు తీసుకోండి. పాత పాలకవర్గం వారి సంతకాలు ఏ కమిటీ ఖాతాలోనైనా ఇంకా ఉంటే, పేర్ల మార్పు తీర్మానాన్ని ఖాతాకు ఒకటి చొప్పున విడిగా రాసి బ్యాంకుకు ఇవ్వండి. పైన ఇచ్చిన ఉమ్మడి తీర్మానంతో బ్యాంకువారు సంతకాలు మార్చరు.