అప్‌డేట్: రెండో గెస్ట్‌లో రిజిస్టర్ విలువలు ఇక చెడిపోవడం లేదు

వరంగల్‌లో మేం ఫైనలియర్ ప్రాజెక్టుగా రాస్తున్న హైపర్‌వైజర్‌లో (ఒకే కంప్యూటర్‌పై పలు వర్చువల్ మెషీన్లను, అంటే గెస్ట్‌లను, నడిపే ప్రోగ్రామ్), ఒక వర్చువల్ మెషీన్ నుంచి ఇంకోదానికి మారగానే ఆర్‌బీఎక్స్, ఆర్12 అనే ప్రాసెసర్ రిజిస్టర్ల విలువలు ఎందుకు పాడవుతున్నాయని అడిగాను కదా. కారణం దొరికింది.

ఇంటెల్ వర్చువలైజేషన్ సదుపాయం వీటీ-ఎక్స్‌లో వీఎం ఎగ్జిట్ అయినప్పుడు (గెస్ట్ ఆగి కంట్రోల్ హైపర్‌వైజర్‌కి వచ్చినప్పుడు) ప్రాసెసర్ గెస్ట్ ఆర్‌ఐపీ, ఆర్‌ఎస్‌పీ, ఆర్‌ఫ్లాగ్స్, సీఆర్3, సెగ్మెంట్ రిజిస్టర్లను వీఎంసీఎస్‌లో (గెస్ట్ స్థితిని ఉంచే మెమరీ భాగం) తనే దాస్తుంది. ఆర్‌ఎస్‌పీ పోను మిగతా 15 జనరల్ రిజిస్టర్లను మాత్రం అలాగే వదిలేస్తుంది. సీ కోడ్ వాటిని వాడుకోకముందే అసెంబ్లీలో ఆ గెస్ట్ సొంత స్ట్రక్చర్‌లోకి ఎక్కించాలి, వీఎంరెజ్యూమ్‌కి (గెస్ట్‌ని మళ్లీ నడిపించే ఇన్‌స్ట్రక్షన్) ముందు మళ్లీ నింపాలి. ఇదే అసలు కీలకం. పేజ్ ఫాల్ట్ (కావాల్సిన మెమరీ పేజీ అందకపోవడం) వచ్చిన అడ్రస్ ఉండే సీఆర్2 రిజిస్టర్‌ని కూడా మనమే చూసుకోవాలి, లేదంటే గెస్ట్ పేజ్ ఫాల్ట్ హ్యాండ్లర్‌కి వేరే గెస్ట్ అడ్రస్ కనబడుతుంది. ఏఎండీలో ఆర్‌ఏఎక్స్, సీఆర్2 రెండూ వీఎంసీఎస్ లాంటి వీఎంసీబీలోకే వెళ్తాయి, కొంచెం నయం.

ఫ్లోటింగ్ పాయింట్, ఏవీఎక్స్ (వెక్టర్ లెక్కల) రిజిస్టర్లకు, వాటిని దాచే ఎక్స్‌సేవ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాం. దారి చూపిన అన్నలకు, అక్కలకు చాలా థాంక్స్. రాత్రంతా రెండు గెస్ట్‌లూ ఆగకుండా నడిచాయి, టెన్షన్ తీరింది.