గోల్ఫ్ గ్లౌజు వేసుకునే చేతికే పొట్టు, మంట: తప్పు తోలుదా, చెమటదా?

ఎంవీపీ కాలనీ:
ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆడతాను. నాది కుడిచేతి వాటం కాబట్టి గ్లౌజు ఎడమ చేతికే. రెండు నెలలుగా ఆ అరచెయ్యి ఎండిపోయి పొట్టు లేస్తోంది, వేళ్ల సందుల్లో మంట. కుడి చేతికి ఏమీ లేదు. సింథటిక్ గ్లౌజు కొనమని ఒకరు, అసలు గ్లౌజే వద్దని ఇంకొకరు అంటున్నారు. అమెరికన్ గోల్ఫర్ ఫ్రెడ్ కపుల్స్ గ్లౌజు లేకుండానే ఆడతాడు, నిజమే. నాకైతే క్లబ్ (బంతిని కొట్టే కర్ర) జారిపోతుంది. ఏం చెయ్యమంటారు?

మధురవాడ:
తోలేనండీ కారణం. ఖరీదైన గ్లౌజులు కాబ్రెట్టా అనే గొర్రె తోలుతో చేస్తారు. తోళ్లను ఎక్కువగా క్రోమియం లవణాలతోనే పదును చేస్తారు. అది పడనివాళ్లకు ఎలర్జీ వస్తుంది. యూరప్‌లో ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో హెక్సావలెంట్ క్రోమియం (ఎలర్జీ తెచ్చే రకం క్రోమియం) కిలోకు 3 మిల్లీగ్రాములకు చేరితే అమ్మకూడదని 2015 నుంచి నిబంధన ఉంది. ఊరికే పెట్టలేదు కదా. సింథటిక్‌కి మారిపోండి.

గాజువాక:
నేను ఒప్పుకోను. నాకు గోల్ఫ్ రాదు గానీ, ఇరవై ఏళ్లుగా గ్లౌజులతోనే నా పని. ఇలాంటి చేతులు చాలా చూశాను. ఎలర్జీ అయితే చర్మం పల్చగా ఉండే చేతి వెనక భాగంలో, మణికట్టు దగ్గర ఎర్రగా దద్దుర్లు లేచి విపరీతంగా దురద పెడుతుంది. వేసుకున్న వెంటనే కాదు, ఒకటి రెండు రోజులకు. పైగా సింథటిక్ గ్లౌజుకీ మణికట్టు దగ్గర ఎలాస్టిక్ ఉంటుంది, ఆ రబ్బరులో కలిపే మందులు కూడా కొందరికి పడవు. తోలు మార్చినంత మాత్రాన ఏం తీరుతుంది?

మన వైజాగ్ ఉక్కపోతలో నాలుగు గంటలు గ్లౌజు తియ్యకపోతే చర్మం నానుతుంది. నానిన చర్మం మీద గ్రిప్ రాపిడి. ఆట అయ్యాక తడి గ్లౌజును ఉండచుట్టి బ్యాగులో పడేస్తే చెమట ఉప్పు పట్టి అట్టలా బిగుస్తుంది. మళ్లీ అదే వేసుకుంటారు. ఎవరి చెయ్యి మాత్రం తట్టుకుంటుంది? రెండు గ్లౌజులు పెట్టుకుని మార్చి మార్చి వాడండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య తీసెయ్యండి. నీడలో, గాలికి ఆరబెట్టండి, కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో కాదు. రాత్రి పడుకునే ముందు వాజిలిన్ రాయండి. ఆడే ముందు రాస్తే జారుతుంది.

పెందుర్తి:
అన్నయ్యా, మీరిద్దరూ మూడోది మర్చిపోయారు. మా ఆయనకీ ఒక్క చేతికే ఇలా పొట్టు లేచింది. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గింది, సంతోషించాం. ఆపగానే మణికట్టు దాకా పాకింది. స్కిన్ డాక్టరు పొట్టు గీకి మైక్రోస్కోపులో చూసి తామర, అంటే ఫంగస్ అన్నారు. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందట. దానివల్ల ఎర్రదనం అణుగుతుంది, ఫంగస్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. అసలు మూలం కాళ్లలో ఉంది. రెండు పాదాలు, ఒక చెయ్యి, ఇలా రావడం మామూలేనట. ఎంవీపీ అన్నయ్యా, ముందు మీ కాలివేళ్ల సందులు చూసుకోండి. దయచేసి మీ అంతట మీరు ఏ ట్యూబూ రాయకండి.

మధురవాడ:
అమ్మా, మీరు చెప్పిన జాగ్రత్త సరైనదే. కానీ ఫంగస్ లేదని తేలితే ప్యాచ్ టెస్ట్ అడగాలి. అనుమానమున్న పదార్థాలను వీపు మీద అతికించి 48 గంటలు ఉంచుతారు, తీసి చూసి, ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. క్రోమియం పడదో, రబ్బరు పడదో అందులో తెలుస్తుంది. చెమటే అని ముందే తేల్చెయ్యడం నాకు నచ్చదు.

గాజువాక:
టెస్ట్ వద్దనడం లేదండీ. గ్లౌజు ఆరబెట్టుకోవడానికి మాత్రం ఏ టెస్టూ అక్కర్లేదంటున్నాను.

ఎంవీపీ కాలనీ:
చెల్లెమ్మా, ఇప్పుడే చూశాను. రెండు కాళ్లకూ చిటికెన వేలి పక్కన చర్మం తెల్లగా నాని పొట్టు లేచి ఉంది. బూట్ల వల్లే అనుకుని ఇన్నాళ్లూ వదిలేశాను. సోమవారం స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, చెయ్యి, కాళ్లు రెండూ చూపిస్తాను. అప్పటిదాకా ఆట బంద్.