ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో మీరు చూసిన ఆటగాళ్లు ఎన్ని రకాలు? (చర్చ)

కరకట్ట:

పదిహేనేళ్లుగా ఈ ఆటలు ఆడుతున్న నాకు ఒక సందేహం తీరకుండా మిగిలిపోయింది. ఆడినవారి మధ్యే దాన్ని పెట్టాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ ముందుకు తీసుకెళ్లిన మడ్ అనే ఆటలో బొమ్మలు లేవు, అంతా అక్షరాల్లోనే నడిచేది. ఆ ఆట తరువాతి రూపాన్ని ఆడిన అనుభవజ్ఞులు 1989 నవంబరు నుంచి 1990 మే దాకా, ఆటగాళ్లు దీని నుంచి అసలు ఏం కోరుకుంటారన్న విషయం మీద తమలో తాము వాదించుకున్నారు. బార్టిల్ ఆ వాదనల సారాన్ని తీసి 1996లో ఒక వ్యాసం రాశారు. అంటే మనమందరం వాడే వర్గీకరణ కూడా ఇలాంటి చర్చలోంచే పుట్టింది.

ఆయన ఆటగాళ్లను పేకముక్కలతో పోల్చారు. నిధుల కోసం, లెవెళ్ల కోసం పాటుపడే సాధకులు డైమన్లు, మూలమూలా తవ్వి చూసే అన్వేషకులు ఇస్పేట్లు, తోటివారితో మాటామంతీ కోసం వచ్చే స్నేహశీలులు ఆఠీన్లు, ఎదుటివారిని దెబ్బ కొట్టడంలో ఆనందం పొందే వేటగాళ్లు కళావర్లు.

నా సందేహం ఇది. 2019 ఆగస్టులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత రూపం క్లాసిక్ పేరుతో తిరిగి వచ్చినప్పుడు మా గిల్డు (కలిసి ఆడే బృందం) 40 మందితో మోల్టెన్ కోర్ అనే చోట రెయిడ్‌కు, అంటే సామూహిక దాడికి, వెళ్లేది. బాస్‌ను, అంటే అక్కడి పెద్ద శత్రువును, పడగొట్టి దొరికిన లూట్ (వస్తువులు) పంచుకోవడమే అక్కడ పని కాబట్టి, బయటినుంచి చూసేవారికి 40 మందీ సాధకులుగానే కనిపిస్తారు. నెలల తరబడి వారితో గడిపిన మీదట, నిజంగా ఆ వస్తువుల కోసం వచ్చేవారు పది పన్నెండు మందికి మించరని నాకు అర్థమైంది. ఒకాయనకు అక్కడ దొరికే వస్తువుల్లో కావలసినది ఒక్కటీ మిగలలేదు, అయినా ప్రతివారం వచ్చి కొత్తవారి ప్రశ్నలకు ఓపికగా జవాబులు చెప్పేవారు. ఇంకొకరు బాస్ విసిరే మంట ఎన్ని గజాల దాకా వస్తుందో కొలుస్తూ కూర్చునేవారు. నలుగురూ ఒకే పని చేస్తూ నాలుగు వేరువేరు కారణాలతో చేస్తున్నప్పుడు, రకాన్ని పనిని బట్టి నిర్ణయించాలా, కారణాన్ని బట్టి నిర్ణయించాలా? దయచేసి ఆట పేరు, ఆడిన కాలం చెప్పి మీ అనుభవం రాయండి.

మందారమాల:

కరకట్ట గారూ, నేను ఫైనల్ ఫాంటసీ 14లో జట్టువారి గాయాలు మాన్పే హీలర్‌ను, 2015 నుంచి ఆడుతున్నాను. ఆటగాడి మనసు ఎంత ముఖ్యమో, ఆట ఏ పనికి ప్రతిఫలం ఇస్తుందన్నది కూడా అంతే ముఖ్యమని నా అనుభవం. ఈ ఆటలో కొత్తగా చేరినవారి పేరు పక్కన చిన్న మొలక గుర్తు కనిపిస్తుంది. ఒక డంజన్‌కు (జట్టుగా వెళ్లి శత్రువులను గెలవాల్సిన చోటుకు) మొదటిసారి వచ్చినవారు జట్టులో ఉంటే మిగిలిన వారందరికీ అదనపు బహుమతి వస్తుంది. అందువల్ల ఆ ఘట్టాన్ని వందసార్లు చూసిన పాతవారు సైతం కొత్తవారు తటపటాయించినప్పుడు విసుక్కోకుండా ఆగుతారు. ఇదే మనుషులు వేరే ఆటలో, కొత్తవాడు ఒక్క తప్పు చేయగానే జట్టు వదిలి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. వారిని స్నేహశీలులనాలో, సాధకులనాలో నాకు తేలలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మొదటి రెండేళ్లు నేను వాయిస్ చాట్‌లో నోరు విప్పలేదు, ఎందుకంటే అమ్మాయి గొంతు వినపడగానే కొందరి ప్రవర్తన మారిపోయేది. అంతకాలం అందరూ నన్ను మాటలు ఇష్టపడని, పని మాత్రమే చూసుకునే ఆటగాడిగా లెక్కవేశారు. నాకు మాట్లాడటం ఎంతో ఇష్టం. మౌనంగా ఉన్నవారిని ఒక రకంలో చేర్చే ముందు, వారి మౌనానికి కారణం ఏమిటని ఒకసారి ఆలోచించాలని కోరుతున్నాను.

ఒంటరిదారి:

నన్ను అన్వేషకుడిని చేసింది గడియారం. 2008లో హైదరాబాదు నుంచి ఆడుతూ, టెక్సస్‌లో ఉన్న మా అన్నయ్య కోసం అమెరికా సర్వర్‌లో చేరాను. ఇక్కడ రాత్రి 9 గంటలయ్యేసరికి అక్కడ కాలాన్ని బట్టి ఉదయం తొమ్మిదిన్నరో పదిన్నరో అవుతుంది, అందరూ ఉద్యోగాలకు వెళ్లి ఉంటారు. అయిదుగురు కావలసిన క్వెస్టుకు (ఆట అప్పగించే పనికి) ఇద్దరు దొరకడమే కష్టమయ్యేది. దాంతో ఒంటరిగా కొండలెక్కడం, చేపలు పట్టడం, ఎవరూ వెళ్లని తీరాల వెంట నడవడం అలవాటయ్యాయి. కాలక్రమంలో అదే నా స్వభావమని నమ్మేశాను. తరువాత చదువు కోసం జర్మనీకి వెళ్లి అక్కడి సర్వర్‌లో చేరినప్పుడు నా ఖాళీ సమయం, మిగతావారి ఖాళీ సమయం కలిశాయి. ఆరు నెలలు తిరగకుండానే వారానికి మూడు రాత్రులు రెయిడ్ చేసే టాంక్‌నయ్యాను, అంటే ముందు నిలబడి శత్రువు దెబ్బలు కాచుకునేవాడిని. భారతదేశం నుంచి యూరప్ సర్వర్లలో ఆడేవారికి, అక్కడ చలికాలంలో రాత్రి 8కి మొదలయ్యే రెయిడ్ ఇక్కడ రాత్రి పన్నెండున్నరకు మొదలవుతుంది. మన ప్రాంతం నుంచి ఎవరు ఏ రకం అని అడిగేటప్పుడు ఈ లెక్కను వదిలిపెట్టకూడదు.

అయినా ఒంటరి తిరుగుడు మీద ప్రేమ పోలేదు. గిల్డ్ వార్స్ 2లో గెంతుతూ దారి కనిపెట్టాల్సిన జంపింగ్ పజిల్స్ కోసం ఇప్పటికీ ఆదివారాలు కేటాయిస్తాను.

చిల్లరకొట్టు:

వ్యాపారిని ఎవరూ ప్రస్తావించలేదు. 2007లో గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ అనే ఉమ్మడి మార్కెట్ రాకముందు రూన్‌స్కేప్‌లో అమ్మేవారు బ్యాంకుల ముందు నిలబడి, సంతలో కేకేసినట్టు ధరలు టైపు చేస్తూ ఉండేవారు. నేను అక్కడ గంటల తరబడి నిలబడి, ఎవరు తొందరలో ఉన్నారు, ఎవరు ధర తెలియక అడుగుతున్నారు అని గమనించడం నేర్చుకున్నాను. కత్తి పట్టకుండా, ఒక్క డ్రాగన్‌ను చంపకుండా ఏడాదంతా ఆడాను. ఈవ్ ఆన్‌లైన్‌లో జీటా అనే నక్షత్ర వ్యవస్థ మొత్తం ఇలాంటివారితోనే కిటకిటలాడుతుంది. సంపద పోగేస్తాం కాబట్టి మమ్మల్ని డైమన్లలో వేయవచ్చు, కానీ నా ఆనందం ఎదుటివారి మనసు చదవడంలో ఉండేది.

బార్టిల్ లెక్కలో అసలు చోటు లేనివారు మరొకరున్నారు, ఆటను కూలిపనిగా చేసేవారు. వెనెజ్వెలాలో ద్రవ్యోల్బణంతో జీతాలు కరిగిపోయిన రోజుల్లో, అక్కడివారు ఎందరో రూన్‌స్కేప్‌లో పచ్చ డ్రాగన్లను చంపి, ఆ బంగారాన్ని డాలర్లకు అమ్మి ఇల్లు గడుపుకున్నారు. నిబంధనల ప్రకారం అది తప్పు, చాలామంది ఆటగాళ్లు వారిని వెంటాడి చంపేవారు. వారిలో ఒకరితో ఒక రాత్రి మాట్లాడాను. తాను అమ్మే సరుకు ధర రేపు పడుతుందా అని నన్ను అడిగిన తీరులో, ఇంట్లో బియ్యం నిండుకున్న మనిషి ఆత్రం కనిపించింది. అప్పటి నుంచి వారిని నేను కొట్టలేదు.

పాతకత్తి:

కళావర్ల తరఫున నేను రాస్తాను. పోటీ కోసం కొట్టేవాడు, ఏడిపించడం కోసం కొట్టేవాడు ఒకటి కాదు. మొదటివాడు తనకు సమానుడిని వెతుకుతాడు, రెండోవాడు తనకన్నా బలహీనుడిని వెతుకుతాడు. కాలేజీ రోజుల్లో నేను రెండోవాడిని. ఒక ఆటలో, ఊరి ద్వారం దగ్గర ఒకే కొత్త ఆటగాడిని వారం రోజులు వరుసగా చంపాను. ఎనిమిదో రోజున అతను రాలేదు, ఆ తరువాత ఎన్నడూ రాలేదు. నా వల్ల ఒక మనిషికి ఆట మీద ఇష్టమే పోయిందన్న బాధ ఇన్నేళ్లయినా తగ్గలేదు. వేటగాళ్లు పెరిగితే స్నేహశీలులు వెళ్లిపోతారని బార్టిల్ రాసిన మాట నాకు ఆ ఒక్కరి రూపంలో అర్థమైంది. అల్టిమా ఆన్‌లైన్ తయారీదారులు 2000లో లోకాన్ని రెండుగా చేసి, అనుమతి లేనిదే ఒకరినొకరు చంపలేని ట్రామెల్‌ను ఏర్పాటు చేసింది ఈ కారణంతోనే. పాతవారిలో చాలామంది దాన్ని ఇప్పటికీ తప్పుపడతారు, నేను తప్పుపట్టను.

కరకట్ట గారి ప్రశ్నకు నాకు తెలిసిన మంచి ఉదాహరణ 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో పాకిన కరప్టెడ్ బ్లడ్. హక్కర్ అనే బాస్ అంటించే ఆ జబ్బు, పెంపుడు జంతువుల ద్వారా రెయిడ్ దాటి నగరాల్లోకి వచ్చింది. లెవెల్ తక్కువ ఉన్నవారు వచ్చినవారు వచ్చినట్టే పడిపోయారు. అప్పుడు కొందరు హీలర్లు ఎవరూ అడగకుండానే వీధుల్లో నిలబడి వైద్యం చేశారు, కొందరు ఊళ్లు వదిలి పారిపోయారు, కొందరు కావాలనే జబ్బును మోసుకొచ్చి జనం మధ్య వదిలారు. అంటురోగాల పరిశోధకులు సైతం దాన్ని అధ్యయనం చేసి 2007లో వ్యాసం ప్రచురించారు. అంతకు ముందురోజు దాకా వీరంతా పక్కపక్కన నిలబడి ఒకే రకం క్వెస్టులు చేసినవారు.

కరకట్ట:

పాతకత్తి గారూ, అంత నిజాయతీగా రాసినందుకు కృతజ్ఞతలు. నిక్ యీ అనే పరిశోధకుడు దాదాపు 3,000 మంది ఆటగాళ్లను ప్రశ్నించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో సాధన, సాంగత్యం, లీనమవడం అనే మూడు ప్రేరణలు తేలాయి. ఒకటి ఎక్కువైతే మరొకటి తగ్గాలన్న నియమం లేదని కూడా అందులో తేలింది. ఒంటరిదారి గారిలో టాంక్, సంచారి ఇద్దరూ కలిసి ఉండటానికి ఇది సరిపోతుంది. కానీ గిల్డు నడిపేవారి మాట ఇంకా ఎవరూ రాయలేదు.

డల్లాస్_గుంటూరు:

నేను రాస్తాను. ఆరేళ్లు గిల్డు నడిపాను. ఎవరికి పరీక్షలు, ఎవరి ఇంట్లో పసిబిడ్డ, ఏ హీలర్‌కు ఏ టాంక్‌తో పడదు అన్నవన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టుకుని, ఆట ఆడిన సమయం కన్నా ఆ షీట్ ముందు కూర్చున్న సమయమే ఎక్కువైన వారాలు ఉన్నాయి. ఇది బాధ్యత మోసే రకం, పెళ్లింట్లో వంటల దగ్గర నిలబడి తాను మాత్రం చివరి పంక్తిలో తినేవారి లాంటిది.

మా గిల్డులో ఒకాయన ఉండేవారు. ఆయన రెయిడ్‌లకు రారు, లెవెల్ పెంచుకోరు, బ్యాంకు పక్కన కాలువలో చేపలు పడుతూ, లాగిన్ అయిన ప్రతివారినీ పేరుపెట్టి పలకరించేవారు. చోటు కోసం ఆయన్ని తొలగించమని మా అధికారుల్లో ఇద్దరు పట్టుబట్టారు, నేను ఒప్పుకున్నాను. నెలలోపే గిల్డు చాట్‌లో రెయిడ్ సూచనలు తప్ప మరో మాట లేకుండా పోయింది, రెండు నెలల్లో 11 మంది వెళ్లిపోయారు. ఎందుకు వెళ్తున్నారని అడిగితే ఒక్కరూ సరైన కారణం చెప్పలేకపోయారు. ఆయన్ని వెతికి, క్షమాపణ అడిగి, మళ్లీ చేరమని బతిమాలాను.

మందారమాల:

వచ్చారా అండీ?

డల్లాస్_గుంటూరు:

వచ్చారు. ఆ రాత్రే కాలువ దగ్గర గాలం వేసి కూర్చున్నారు.