కుందేటికొమ్ము పండగ: "మూర్ఖుల" మనసా, "మూర్ఖుని" మనసా?

పోపులపెట్టె:
చిన్న సాయం కావాలి. మా కాలనీ పిల్లల గోడపత్రికలో ఏప్రిల్ 1 పేజీ నా వంతు. కిందటేడు ఏప్రిల్ ఫూల్ ముదిరి ఒక పిల్లాడు ఏడ్చి ఇంటికెళ్లిపోయాడు. అందుకని ఈసారి "ఎప్పటికీ రాని పండగలు" పెడుతున్నాం. ఫ్రెంచివాళ్లకి సాం గ్లాంగ్లాం (సాం అంటే సాధువు, సెయింట్) పండగ ఉంది కదా, ఆ రోజున బాకీ తీరుస్తానంటే ఎగ్గొట్టినట్టే. జర్మన్లకి అలాంటి సాధువే సాంక్ట్ నిమ్మర్‌లైన్ ఉన్నాడు. మనకి "కుందేటికొమ్ము పండగ" అని పేరు పెట్టి, కింద ఏనుగు లక్ష్మణకవి పద్యం "తివిరి ఇసుమున తైలంబు తీయవచ్చు, తవిలి మృగతృష్ణలో నీరు త్రావవచ్చు, తిరిగి కుందేటికొమ్ము సాధించవచ్చు" వేద్దామనుకుంటే చివరి పాదం దగ్గర ఆగిపోయాను. "చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు"నా, "మూర్ఖుని మనసు"నా? నాకు "ని" గుర్తు. మా అక్క "ల" అంటోంది. పేరు ఎలా ఉందో కూడా చెప్పండి.

అరసున్న:
"ల". భర్తృహరి సంస్కృత మూలంలో "ప్రతినివిష్టమూర్ఖజనచిత్తమ్" అని ఉంది. జనం అన్నాక ఒక్కడెలా అవుతాడు?

గోదారిగట్టు:
జన ఉంటే బహువచనమే కానక్కర్లేదండీ. "అయం జనః" అంటే "నేను" అనే కదా. నా ఓటు "ని"కే. ఒక్కొక్కడి పక్కన చేరి బతిమాలడంలో ఉన్న అవస్థ గుంపుతో రాదు.

ముక్కుపొడి:
ఛందస్సు తేలుస్తుందేమోనని చూశాను. "ల" అయినా "ని" అయినా ఆ గణం భగణమే. యతి చే-జిం, ఆ అక్షరం జోలికే రాదు. పద్యం ఛందస్సు తేటగీతి, అది తీర్పు చెప్పకుండా తప్పుకుంది.

అరసున్న:
అసలు "చేరి" ఎక్కణ్ణించి వచ్చింది? "తివిరి"కి మూలంలో యత్నతః (ప్రయత్నించి), "తిరిగి"కి పర్యటన్ (తిరుగుతూ) ఉన్నాయి, లెక్క సరిపోయింది. ప్రతినివిష్ట అంటే పట్టిన పట్టు వదలనివాడు, చేరడానికీ దానికీ సంబంధం లేదు. యతి కోసం వచ్చిన చుట్టం అది.

గోదారిగట్టు:
చుట్టమేంటండీ! మూలంలో "ఆరాధయేత్" ఉంది. దగ్గరికి చేరకుండా ఆరాధన ఎలా? లక్ష్మణకవి దండగమాట వెయ్యడు.

పాతపుస్తకాలు:
గోదారిగట్టు గారికి పెద్దాపురం లక్ష్మణకవి మీద అభిమానం మనకి కొత్త కాదు. ఆ కవి వంశానికి మొదట ఇంటిపేరు పైడిపాటి, ప్రభువు ఏనుగునిచ్చాక ఏనుగువారయ్యారంటారు. అది సరే, ఎలకూచి బాలసరస్వతిని ఎవరూ తలవరేం? రాఘవయాదవపాండవీయంలో మూడు కథల్ని ఒకే పద్యంలో నడిపినవాడు, భర్తృహరినీ తెలుగు చేశాడు. పుష్పగిరి తిమ్మనా చేశాడు. జనం నోట నిలిచింది మాత్రం ఏనుగువారే. అన్యాయం.

గోదారిగట్టు:
మీ మూడర్థాల పద్యానికి మూడు నిఘంటువులు కావాలి. లక్ష్మణకవిని మా నాయనమ్మ కందులు చెరుగుతూ పాడేది.

పాతపుస్తకాలు:
ఆవిడ "ల" అనేవారా, "ని" అనేవారా?

గోదారిగట్టు:
చేట చప్పుడులో సరిగ్గా వినబడేది కాదు.

ముక్కుపొడి:
పోపులపెట్టె గారూ, మీ పేజీలో రోమ్ లేకపోతే ఎలా? కాలెండ్స్ అంటే రోమన్ల నెలలో మొదటి రోజు, అప్పులవాళ్లకి గుండె దడ. గ్రీకులకి ఆ రోజే లేదు. బాకీ కట్టనివాళ్లు "గ్రీకుల కాలెండ్స్‌కి" కడతారని అగస్టస్ చక్రవర్తి ఉత్తరాల్లో రాసేవాడట, రోమన్ చరిత్రకారుడు సుయెటోనియస్ చెప్పాడు. ఏప్రిల్ 1 కూడా కాలెండ్సే! ఇక గ్లాంగ్లాం అసలు సాధువే కాదంటారు. "సాం" అనే పలికే పాత మాట ఇంకోటుంది, లాటిన్ సిగ్నుం నుంచి వచ్చింది, గంట అని అర్థం. గ్లాంగ్లాం దాని మోత. చెవి పొరబడితే సాధువు పుట్టాడు.

అరసున్న:
అక్షరం చెడితే ఎంత పనైందో చూశారుగా. అందుకే "ల".

కొసమెరుపు:
ఆలస్యంగా చూశాను. పండగ పేరే తప్పు కదండీ! పద్యంలో కుందేటికొమ్ము "సాధించవచ్చు" అన్నాడు. ఇసకలో నూనె వస్తుంది, ఎండమావిలో నీళ్లూ తాగొచ్చు. రానిది మూర్ఖుడి మెప్పు ఒక్కటే. కాబట్టి "మూర్ఖుడు మెచ్చిన రోజు" అని పెట్టాలి. లేదా కిరాణాకొట్టు బోర్డు ఎలాగూ ఉంది, "అరువు రేపు". మన గ్రీకు కాలెండ్స్ అదే.

ముక్కుపొడి:
రేపు కూడా ఒక్కోసారి వచ్చేస్తుందండోయ్. టిబ్స్ ఈవ్ కూడా ఇలా లేని రోజే. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌వాళ్లు దాన్ని డిసెంబర్ 23కి తెచ్చుకుని మందు పార్టీలు చేసుకుంటున్నారు.

అరసున్న:
కొసమెరుపు గారూ, "మూర్ఖుడు" అనేశారు, ఏకవచనం. సాక్ష్యం చెల్లదు.

పోపులపెట్టె:
అందరికీ దణ్ణం. రాత్రికి అతికించెయ్యాలి. "మూర్ఖు__ మనసు" అని ఖాళీ వదిలేశాను, పిల్లలే పూరిస్తారు.

గోదారిగట్టు:
ఖాళీ ఎంత పెట్టారమ్మా? "ని" పట్టేంత చాలు.