మెసలమైన్ వాడుతుంటే పొడి దగ్గు, ఆయాసం. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

అందరికీ నమస్కారం. మా ఆయనకి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు). నాలుగు నెలలుగా దానికి మెసలమైన్ 1.2 గ్రాముల బిళ్ళలు రోజుకి రెండు వేసుకుంటున్నారు. కడుపు బాగా కుదుటపడింది, రక్తం పడటం ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే ఈ దగ్గు పట్టుకుంది.

మూడు వారాలుగా ఒకటే పొడి దగ్గు, కళ్ళె అసలు రాదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతుంది. మొన్న రెండు పాల ప్యాకెట్లు పట్టుకుని రెండో అంతస్తు ఎక్కుతూ మెట్ల మీదే కూర్చుండిపోయారు. యాంటీబయాటిక్ కోర్సు అయినా తగ్గలేదు. ఎక్స్‌రేలో రెండు వైపులా మచ్చలున్నాయి, రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎక్కువున్నాయి.

మెసలమైన్, అదే కోవలోని సల్ఫాసలజైన్ అరుదుగా ఊపిరితిత్తుల్లో వాపు తెస్తాయని, ఆపితే చాలామందికి తగ్గుతుందని చదివాను. అసలు జబ్బే ఊపిరితిత్తుల దాకా పోవచ్చట కూడా. కడుపు డాక్టరుగారు మాత్రం దుమ్ము అలర్జీ అని తేల్చేశారు. నాకు నమ్మకం కుదరక పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు) దగ్గర గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మందు మా అంతట మేం ఆపలేదు, మళ్ళీ రక్తం మొదలవుతుందని టెన్షన్.

ఇది మందు వల్లేనని మీకు ఎలా తేలింది? సీటీ స్కాన్‌తో సరిపోయిందా, బ్రాంకోస్కోపీ (గొట్టం వేసి ఊపిరితిత్తుల్లోకి చూసే పరీక్ష) కూడా చేశారా? ఆపాక దగ్గు ఎన్నాళ్ళకి తగ్గింది, బదులుగా ఏ మందు ఇచ్చారు? గురువారం డాక్టరుగారిని ఏమేం అడగాలో కూడా చెప్పండి, ప్లీజ్.