రీఫ్ ట్యాంకులో జెయింట్ క్లామ్: రాతి మీదా, ఇసుకలోనా?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం):
మా రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) లోతు రెండడుగులు. ఒక దుకాణదారు అరచేతిలో పట్టేంత మాక్సిమా జాతి జెయింట్ క్లామ్ (పెద్ద సముద్రపు ఆల్చిప్ప) తెప్పిస్తానంటున్నారు. దానికి వెలుతురు బాగా కావాలి కనుక ఎల్ఈడీ కింద రాళ్ల గుట్ట పైన పెడదామనుకున్నాను. కానీ ఫొటోల్లో చాలామంది ఇసుకలోనే ఉంచారు. ఏది సరైనది?

మొదటి సమాధానం:
అది జాతిని బట్టి ఉంటుంది. డెరాసా, హిప్పోపస్ అనే జెయింట్ క్లామ్‌లు ఇసుక మీద హాయిగా బతుకుతాయి. మాక్సిమా, క్రోసియా రాతిని పట్టుకునే రకాలు. క్రోసియా అయితే రాతిని తొలుచుకుని లోపలికి దిగిపోతుంది. మాంటిల్‌లోని (చిప్ప అంచుల మీదుగా పరచుకునే మెత్తని కండ పొరలోని) సూక్ష్మ శైవలాలు వెలుతురుతో తయారుచేసే ఆహారమే క్లామ్‌కు ప్రధానాధారం కనుక మీ ఆలోచన తప్పు కాదు, కానీ కొత్తగా తెచ్చినదాన్ని మొదటి రోజే శిఖరానికి ఎక్కించకండి. గుంట ఉన్న చిన్న పలక రాయి మీద పెట్టి, అడుగునే కొన్ని వారాలు ఉంచి, తరువాత ఆ రాయితో సహా కొద్దికొద్దిగా పైకి జరపండి.

రెండవ సమాధానం (గాజువాక):
ఆ పలక రాయి మాట మరచిపోవద్దు. నా క్లామ్ రాత్రికి రాత్రే జారి అద్దానికి అంటుకుంటే, తొందరపడి చేత్తో లాగాను. క్లామ్ పట్టు కోసం వాడే బిస్సల్ దారాలు ఊడివచ్చే చోట కండ చిరిగింది. వారం గడవకముందే చిప్ప తెరుచుకుని, మూసుకోవడం మానేసింది. దారాలను చిప్పకు దూరంగా, పదునైన బ్లేడుతో కోయాలి. పంపు ధార నేరుగా తగలకూడదు, కుట్టే పగడాలు పక్కన ఉండకూడదు, మాంటిల్ కొరికే ఏంజెల్ చేపలు ఉంటే అసలు ఆశ వదులుకోవాలి.

మూడవ సమాధానం:
స్థలం సంగతి తరువాత చూడవచ్చు. మాక్సిమా, స్క్వామోసా, హిప్పోపస్ మూడూ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో చేరాయి. లక్షద్వీప్, అండమాన్ రీఫుల నుంచి తీయడం నేరం. మిగతా జాతులు కూడా సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. అందుచేత విదేశీ హేచరీలో (పెంపక కేంద్రంలో) పెంచిన సరుకు అన్నా సరే, కాగితాలు చూపమనండి.

ప్రశ్న అడిగినవారు:
అడిగాను. కాగితాల మాట ఎత్తగానే ఆయన ఫోను పెట్టేశారు. ఆ రాళ్ల గుట్ట పైభాగం ప్రస్తుతానికి ఖాళీగానే ఉంచుతున్నాను.